ఆకురాలే కాలంలో నడుస్తూ బొమ్మలు వేయడం: రంగు మడ్డి అవుతోంది, పేపర్ ఆరడం లేదు

నీటిమరక:

ఈసారి ఆకురాలే కాలమంతా, అంటే దాదాపు పది వారాలు, రోజూ పొద్దున్నే మూడు కిలోమీటర్ల అడవి దారిలో నడిచి, కనపడింది అక్కడికక్కడే స్కెచ్‌బుక్‌లో వేయాలని పెట్టుకున్నాను. సామాను ఇది: ఏ5 స్కెచ్‌బుక్ (200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల కాగితం; కాటన్ కాదు, మామూలు గుజ్జు కాగితం), 12 హాఫ్ పాన్ల (చిన్న రంగు బిళ్ళల) వాటర్‌కలర్ పెట్టె, ఒక వాటర్ బ్రష్ (పిడిలో నీళ్ళు నింపుకునే కుంచె), 0.3 పెన్ను, హెచ్‌బీ పెన్సిల్. దారిలో ఉన్నవి ఎక్కువగా మేపుల్, బిర్చ్, బీచ్, ఓక్.

ఇబ్బందులు నాలుగు. సగం పచ్చగా, సగం ఎర్రగా ఉన్న మేపుల్ ఆకు వేస్తే రెండు రంగులు కలిసే చోట మడ్డి తేలుతోంది. పొద్దున 7, 8 డిగ్రీల చలిలో వాష్ (నీళ్ళు ఎక్కువ కలిపిన పల్చటి రంగు పొర) ఇరవై నిమిషాలైనా ఆరదు. ఆరిందనుకుని రెండో పొర వేస్తే కాలీఫ్లవర్ లాంటి మరకలు. ఇంటికి తెచ్చిన ఆకు సాయంత్రానికి ముడుచుకుపోతోంది. ఇక నోట్సు: ఏ పేజీ తిప్పినా "ఆకులు పసుపు, కొన్ని ఎరుపు" అనే ఉంటోంది. పది వారాల తర్వాత ఆ పేజీలు దేనికైనా పనికిరావాలంటే ఏం రాయాలి?

పొడికుంచె:

మడ్డి సంగతి ముందు చూద్దాం. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి విరుగుడు రంగులు. తడిగా కలిస్తే బూడిదో గోధుమో అవుతాయి, తప్పదు. పైగా 12 పాన్ల పెట్టెల్లో ఉండే సాప్ గ్రీన్ చాలావరకు ఒక్క పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కాదు, రెండు మూడు కలిపి చేసినది. దానికి మీ ఎరుపు తగిలిందంటే ఆ చుక్కలో మూడు నాలుగు పిగ్మెంట్లు ఉన్నట్టే. పాన్ మీదో ట్యూబ్ మీదో పిగ్మెంట్ నంబర్లు (పీవై150, పీబీ29 లాంటివి) ఉంటాయి, చూడండి. ఒకే నంబరు ఉన్నవాటితో పని చేస్తే మడ్డి సగం తగ్గుతుంది.

మిగతా సగం పొరల వరసలో ఉంది. ఆకు ఎలా మారుతోందో బొమ్మ కూడా అదే వరసలో వేయాలి. పసుపునిచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ఎండాకాలం నుంచీ ఉన్నవే. పత్రహరితం విరిగిపోతుంటే బయటపడతాయి. ఎరుపు అలా కాదు. దాన్నిచ్చే ఆంథోసయనిన్ ఈ కాలంలో కొత్తగా తయారవుతుంది. కాబట్టి:

మొదట ఆకు మొత్తానికి పల్చటి పసుపు వేయండి. పీవై150 గానీ పీవై154 గానీ సరిపోతుంది. పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పచ్చదనం మిగిలిన చోట్ల మాత్రమే, ఎక్కువగా పెద్ద ఈనెల పక్కన ఉంటుంది, అదే పసుపులో కొద్దిగా నీలం కలిపి పెట్టండి. అదీ ఆరాక ఎరుపు: పీవీ19 రోజ్ తీసుకుంటే కింది పసుపు మీద అదే నారింజలోకి తిరుగుతుంది, విడిగా నారింజ రంగు మోయనక్కర్లేదు. ఎరుపుకీ పచ్చకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల పసుపు సందు వదలండి. కావాలంటే చివర్లో ఆ సందులోకి తడి కుంచె మొనతో ఒక్కసారి లాగితే అంచు మెత్తబడుతుంది.

ఒక మాట మాత్రం చెప్పాలి. కొన్ని మేపుల్ ఆకుల్లో పత్రహరితం పూర్తిగా పోకముందే ఎరుపు వచ్చేస్తుంది. అప్పుడు ఆకు మీదే కంచు రంగు, ఊదా కలిసిన గోధుమ రంగు ఉంటుంది. అక్కడ "మడ్డి" తప్పు కాదు, అదే నిజం. ముందు ఆకును చూసి తేల్చుకోండి: ఆ గోధుమ రంగు ఆకులో ఉందా, మీ పాలెట్‌లో పుట్టిందా?

ఎండుటాకులకు పీబీఆర్7 బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), నీడలకు దాంట్లోనే పీబీ29 అల్ట్రామెరీన్ (నీలం). ఈ రెంటి నిష్పత్తి మారుస్తూ పోతే వెచ్చటి గోధుమ నుంచి చల్లటి బూడిద దాకా అన్నీ వస్తాయి. ఓక్ ఆకులకు ఇవే చాలు. పాత ఆలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్83), ఓపెరా పింక్ మాత్రం పెట్టెలోంచి తీసేయండి. వేసిన రోజు అచ్చం ఆకు ఎరుపే అనిపిస్తాయి, వెలుతురు తగిలే చోట గోడకు పెడితే వెలిసిపోతాయి.

తడిచేయి:

పేపర్ ఆరకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. పొద్దున పొగమంచు ఉన్నప్పుడు గాలిలో తేమ దాదాపు నిండుగా ఉంటుంది, నీరు ఆవిరై పోవడానికి చోటు లేదు. అదే 8 డిగ్రీల్లో పొడిగాలి వీస్తే ఐదారు నిమిషాల్లో ఆరుతుంది. కాబట్టి దారి మొదట్లోనే వాష్ మొదలుపెట్టకండి. మొదటి గంట పెన్సిలు, కొలతలు, నోట్సు. మంచు విడి గడ్డి మీద తడి తగ్గాక రంగు.

ఇక కాలీఫ్లవర్ మరకలు. వాటికి అసలు దోషి మీ వాటర్ బ్రష్ అని నా అనుమానం. అది పిడిలోంచి నీటిని ఆపకుండా వదులుతూనే ఉంటుంది. కాగితం సగం ఆరిన దశలో దానికంటే తడిగా ఉన్న కుంచె తగిలితే ఆ నీరు పిగ్మెంటును అంచులకు నెట్టేస్తుంది. మరక అంటే అదే. తడి దశలు ఇలా గుర్తుపట్టండి: కాగితం అద్దంలా మెరుస్తుంటే ఇంకా రంగు దించవచ్చు. మెరుపు పోయి పట్టుగుడ్డలా కనపడుతుంటే చేయి తీసేయాలి, మరకలన్నీ ఇక్కడే పుడతాయి. మెరుపు పూర్తిగా పోయినా వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగులుతోందంటే లోపల తడి ఉన్నట్టే, ఇంకా ఆగాలి. చలి పొద్దుల్లో కాగితమంతా చల్లగానే ఉంటుంది కదా అంటారేమో. నిజమే, అందుకే రంగు వేయని మూల ఒకసారి, వేసిన చోట ఒకసారి ముట్టుకుని తేడా చూడాలి.

8వ నంబరు రౌండ్ కుంచె, మూతున్న చిన్న డబ్బాలో 50 మిల్లీలీటర్ల నీళ్ళు, ఎడమచేతి వేళ్ళ మధ్య మడతపెట్టిన పాత కాటన్ గుడ్డ. నీళ్ళలో ముంచిన ప్రతిసారీ కుంచె పొట్ట గుడ్డకు ఆనించాకే రంగులోకి వెళ్ళాలి. ఈ ఒక్క అలవాటుతో ఆరే సమయం చాలా తగ్గుతుంది.

200 జీఎస్ఎం గుజ్జు కాగితం తడికి అలలు తేలుతుంది. ఆ పల్లాల్లో నీరు నిలిచి అక్కడే ఆలస్యంగా ఆరుతుంది, మరక కూడా అక్కడే. 300 జీఎస్ఎం కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు కాగితం) తీసుకోండి. బరువు ఎక్కువనిపిస్తే పుస్తకం బదులు విడి ఏ5 ముక్కలు ఆరు, వెనక ఒక గట్టి అట్ట, నాలుగు క్లిప్పులు. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వేయొచ్చు. పుస్తకంతో ఆ సౌకర్యం లేదు.

పెన్ను గురించి కూడా: పిగ్మెంట్ ఇంక్ వాటర్‌ప్రూఫ్ అనేది ఆరాకే. తేమ కాగితం మీద గీసి వెంటనే వాష్ వేస్తే బూడిదగా పాకుతుంది. ఇంక్ చివర్లో పెట్టుకోండి, లేదా 2బీ పెన్సిలుతో సరిపెట్టుకోండి. హెచ్‌బీ తేమ కాగితాన్ని గీరి గాడి పెడుతుంది, ఆ గాడిలోకి తర్వాత రంగు దిగి నల్లటి గీత కనపడుతుంది.

నీటిమరక:

పొడికుంచె గారూ, తడిచేయి గారూ, ధన్యవాదాలు. వాటర్ బ్రష్ పక్కన పెట్టేశాను. ఇంకో రెండు సందేహాలు. చివరి వారాల్లో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది; నీళ్ళలో వోడ్కా కలపమంటారు, పనిచేస్తుందా? అలాగే ఎండలో కూర్చుని వేసిన బొమ్మలు ఇంట్లో చూస్తే నల్లగా, చప్పగా ఉంటున్నాయి. అక్కడ మాత్రం బాగానే కనపడ్డాయి.

తడిచేయి:

పనిచేస్తుంది, హద్దులో ఉంటే. 40 శాతం వోడ్కా ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపితే సుమారు 10 శాతం ఆల్కహాల్ అవుతుంది, మైనస్ 4 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అంతకంటే చిక్కగా కలపకండి. వాటర్‌కలర్‌ను కాగితానికి అంటించేది గమ్ అరబిక్. అది ఆల్కహాల్‌లో కరగదు, ఎక్కువైతే రంగు గింజలు కట్టి ఆరాక పొడిలా రాలుతుంది. ఇంకోటి, ఆల్కహాల్ కలిసిన చుక్క తడి వాష్ మీద పడితే గుండ్రటి గుంట లాంటి మచ్చ చేస్తుంది. కావాలని చేస్తే నాచు పట్టిన బెరడుకు బాగుంటుంది, పొరపాటున ఆకాశంలో పడితే బాగుండదు.

మైనస్ 4 కంటే దిగితే రంగు సంచిలోంచి తీయకండి. పెన్సిలు, కలర్ పెన్సిళ్ళు చాలు.

వెలుతురు_నీడ:

ఎండలో వేసినవి ఇంట్లో నల్లబడటానికి కారణం సూటిగా ఉంటుంది. తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడితే కళ్ళు జిగేల్మంటాయి, దాన్ని తగ్గించడానికి తెలియకుండానే రంగు చిక్కగా కలుపుతాం. ఇంట్లో ఆ వెలుగు ఉండదు, చిక్కదనం ఒక్కటే మిగులుతుంది.

చప్పబడటం వేరే సంగతి. సాయంత్రపు బంగారు ఎండ చెట్టు మీదా పడుతోంది, మీ కాగితం మీదా పడుతోంది. పాలెట్‌లోని రంగును చెట్టుతో సరిపోల్చి కలిపినప్పుడు ఆ బంగారు ఛాయ కాగితం మీద ఎండే ఇస్తోంది కాబట్టి మీరు దాన్ని వేయరు. ఇంటికొచ్చేసరికి ఎండ పోయింది, ఛాయా పోయింది. అందుకే కాగితం ఎప్పుడూ నీడలో ఉండాలి: ఎండకు వీపు పెట్టి మీ ఒంటి నీడలోకి తెచ్చుకోండి. ఆరుబయటి నీడకు కొంచెం నీలం ఉంటుంది, దానివల్ల బొమ్మ ఇంట్లో ఒక పిసరు వెచ్చగా కనపడుతుంది. ఈ కాలానికి అది నష్టమేమీ కాదు.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఈ రోజుల్లో ఎండ వాలుగా పడుతుంది కాబట్టి నీడలు పొడుగు. సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు చెట్టు నీడ దాని ఎత్తుకు రెండున్నర రెట్లు దాటుతుంది. నేల మీద ఆ నీడలు కళ్ళముందే కదులుతాయి. కూర్చున్న మొదటి రెండు నిమిషాల్లో నీడల అంచులు పెన్సిలుతో గీసి, పక్కన సమయం వేసి, ఇక ఏమైనా సరే మార్చకండి. అరగంటలో లేవాలి. అరగంట దాటిన బొమ్మలో చెట్టుకు ఒకవైపు నుంచి, నేలకు ఇంకోవైపు నుంచి వెలుతురు ఉంటుంది, చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడా తెలుస్తుంది.

ఒకే ఆకును రెండు రకాలుగా చూడండి. ఎండ మీ వీపువైపు ఉంటే ఆకు పైభాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది: రంగు కాస్త చల్లబడి, ఈనెలు లేతగా కనపడతాయి. అదే ఆకు ఎండకూ మీకూ మధ్య ఉంటే కాంతి దాంట్లోంచి వస్తుంది: పసుపు వెలిగిపోతుంది, ఈనెలు ముదురు గీతలవుతాయి, పైన ఇంకో ఆకు పడిన చోట రెండింతలు చిక్కని ముక్క స్పష్టమైన అంచుతో కనపడుతుంది. మొదటిదానికి పసుపులో రవ్వంత అల్ట్రామెరీన్ కావాలి. రెండోదానికి నీలం ఒక్క చుక్క కూడా తగలకూడదు. బిర్చ్ వేసినప్పుడు చాలామంది ఈ రెండూ ఒకే కొమ్మ మీద కలిపేస్తారు. అప్పుడు వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియదు.

ఆకుతొడిమ:

నోట్సు, ఆకులు దాచడం గురించి నేను చెబుతాను.

తెచ్చిన ఆకు కాడను నీళ్ళలో పెట్టినా పెద్దగా లాభం ఉండదు. రాలే ముందే కాడ మొదట్లో నీటి గొట్టాలు మూసుకుపోతాయి. అడవిలోనే ఆకును రెండు తడి టిష్యూల మధ్య పరిచి (తడి అంటే పిండితే చుక్క రాకూడదు) జిప్ కవర్‌లో, అట్టకు ఆనించి పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు రోజులు పరుచుకునే ఉంటుంది. టిష్యూ మరీ తడిగా ఉంటే నల్ల మచ్చలు వస్తాయి. ముందు జాగ్రత్తగా, ఏరిన వెంటనే కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి, కాడ పొడవు, పెద్ద ఈనెలు ఎక్కడ అంచును తాకుతున్నాయో గుర్తులు పెట్టండి. రెండు నిమిషాల పని. తర్వాత ఆకు ముడుచుకున్నా ఆకారం మీ దగ్గర ఉంటుంది. దాని పక్కనే నాలుగు రంగు గళ్ళు: అతి లేత, అతి ముదురు, అంచు రంగు, ఈనె రంగు. రంగు అక్కడే, ఆకారం ఇంట్లో అయినా పర్లేదు. తిరగేస్తే కుదరదు.

ఎండబెట్టి దాచాలంటే పీల్చే కాగితాల మధ్య బరువు కింద, మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి. మార్చకపోతే తేమ అక్కడే ఉండి గోధుమ రంగుకు తిరుగుతుంది. మొత్తం పది, పద్నాలుగు రోజులు. ఎంత జాగ్రత్తగా చేసినా ఎరుపు కొంత పోతుంది, కాబట్టి ఎండిన ఆకును చూసి రంగు వేయకండి, ఈనెలకు మాత్రమే వాడండి.

నోట్సుకు వస్తే, "ఆకులు పసుపు" అని ఎందుకు వస్తోందంటే అడవి మొత్తాన్ని చూస్తున్నారు. మూడు చెట్లు ఎంచుకోండి, అంతే. ప్రతి మూడో రోజు ఒకే చోట నిలబడి ఒకే కొమ్మ. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, ఆకాశం, రాత్రి గడ్డకట్టే చలి పడిందా లేదా, ఇవి మొదటి వరస. తర్వాత ఆకులు ఎంత వంతు రంగు తిరిగాయి, ఎంత వంతు రాలాయి; పదో వంతుల్లో అంచనా వేస్తే చాలు. గాలికి యంత్రం అక్కర్లేదు, బ్యూఫర్ట్ లెక్క (చుట్టూ ఏం కదులుతోందో చూసి గాలి బలానికి ఇచ్చే అంకె) ఉంది: ఆకులు గలగలమంటే 2, ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే 3, నేల మీది దుమ్ము, విడి కాగితాలు లేస్తే 4. నాలుగులో బొమ్మ వేయలేరు, నడవండి.

వరసగా ఎండ పగళ్ళు, గడ్డకట్టని చల్లటి రాత్రులు వస్తే ఎరుపు బాగా తేలుతుంది: పగలు ఆకులో చక్కెర తయారవుతుంది, ఆ చక్కెరతోనే ఆంథోసయనిన్ తయారవుతుంది. మబ్బు పట్టిన వారం తర్వాత అదే చెట్టు పసుపు దగ్గర ఆగుతుంది. మీ నోట్సులో మొదటి వరస ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది కదా. ఎరుపుకు ఎండ కావాలి కాబట్టి ఒకే చెట్టులో బయటి కొమ్మలు ఎర్రగా, లోపలివి పసుపుగా ఉంటాయి. ఇంకా దగ్గరికి వెళ్ళండి. ఎర్రటి మేపుల్ ఆకు మీద పసుపు రంగులో ఇంకో ఆకు నీడ అచ్చు పడినట్టు కనపడవచ్చు. పైన నిజంగానే ఒక ఆకు కప్పి ఉండి ఉంటుంది, ఎండ తగలని ఆ ముక్కలో ఎరుపు పుట్టలేదు. ఆ అంచు కాసేపు వేయండి, నెల రోజుల "ఎరుపు ఆకులు" కంటే ఎక్కువ చెబుతుంది.

వెతకాల్సినవి ఇంకా ఉన్నాయి. పసుపు తిరిగిన బీచ్, బిర్చ్ ఆకుల్లో ఒక్కోసారి చిన్న పచ్చటి మచ్చ, దాంట్లోంచి మెలికలు తిరిగిన లేత గీత కనపడతాయి. ఆకు రెండు పొరల మధ్య తొలుచుకుంటూ పోయే పురుగు దారి అది. పురుగు ఉన్న చోట సైటోకైనిన్ (ఆకును పచ్చగా ఉంచే హార్మోన్) పెరిగి ఆ ముక్క మాత్రం పచ్చగా మిగులుతుంది. రాలిన ఆకులో కూడా ఆ దీవి రంగు పోదు. మేపుల్ మీద తారు చుక్కల్లాంటి నల్ల మచ్చలు ఉంటే అది బూజు జబ్బు, చుట్టూ పసుపు అంచు ఉంటుంది. నలుపు ట్యూబ్ వాడకుండా బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ చిక్కగా కలిపి పెట్టండి.

ఆకులు పోయాక పని అయిపోయిందనుకోవద్దు. రెమ్మ మీద ఆకు ఊడిన చోట మచ్చ ఉంటుంది, దాని పైనే వచ్చే వసంతపు మొగ్గ ఇప్పటికే సిద్ధంగా ఉంటుంది. మేపుల్‌లో ఈ మచ్చలు ఎదురెదురుగా జంటలు, బీచ్, ఓక్, బిర్చ్‌లలో ఒకటి విడిచి ఒకటి. బీచ్ మొగ్గ సన్నగా, ఈటె మొనలా పొడుగ్గా ఉంటుంది. తెలియకుండా గీసిన మోడు కొమ్మల్లో రెమ్మలు ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి. ఈ లెక్క తెలిస్తే అలా జరగదు. ఓక్, బీచ్ లేత చెట్లు మాత్రం ఎండుటాకులను చలికాలమంతా వదలవు, కాబట్టి చివరి వారాలకు రంగు కూడా మిగులుతుంది. గింకో చెట్టు ఏదైనా దారిలో ఉంటే దాన్ని వాయిదా వేయకండి: గట్టి చలి పడిన రాత్రి తర్వాత ఒకటి రెండు రోజుల్లో మొత్తం రాల్చేస్తుంది.

పొడికుంచె:

ఆకుతొడిమ గారు చెప్పిన ఈనెల విషయానికి చేర్పు. లేత ఈనెల కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసి, తర్వాత ఊడదీసే ద్రవం) వాడమని చాలాచోట్ల చెబుతారు. బయట, ఈ కాలంలో, వద్దనే అంటాను. తేమ కాగితం లోపలికి అది ఇంకిపోతుంది, తీసేటప్పుడు కాగితం పొర కూడా లేస్తుంది. చలికి ఆరడానికి చాలాసేపు పడుతుంది. దానికి బదులు సగం ఆరిన దశలో, అంటే తడిచేయి గారు చేయి తీసేయమన్న దశలోనే, శుభ్రంగా పిండిన కుంచె మొనతో ఈనె దారిన లాగితే రంగు లేచి లేత గీత మిగులుతుంది. కుంచె కాగితంకంటే పొడిగా ఉండాలి, షరతు అదొక్కటే.

వెలుతురు_నీడ:

నేను మాత్రం దీనితో పూర్తిగా ఏకీభవించను. ఇంట్లో, ఆరిన కాటన్ కాగితం మీద మాస్కింగ్ బాగానే పనిచేస్తుంది, ముఖ్యంగా బిర్చ్ తెల్లకాండాల అంచులకు. బయట వద్దన్నంతవరకు ఒప్పుకుంటాను.

నీటిమరక గారూ, ఎప్పుడూ నిలబడి, కళ్ళ ఎత్తు నుంచే వేయకండి. చిన్న ఫోమ్ ముక్క ఒకటి సంచిలో ఉంటే తడి నేల మీద కూడా కూర్చోవచ్చు. ఆల్‌బ్రెక్ట్ ద్యూరర్ 1503లో వేసిన గడ్డిపెళ్ళ బొమ్మ వెతికి చూడండి: చూపు దాదాపు నేలకు ఆనించి పెట్టాడు, గడ్డిపోచల వెనక ఖాళీ కాగితమే ఆకాశం. రాలిన ఆకుల పోగును అలా పక్కనుంచి చూస్తే పై అంచు ఒక్కటే వెలుగులో ఉంటుంది, కింద అంతా ముదురు సందులు. ఆకులు లెక్కపెట్టి వేయక్కర్లేదు, ఆ సందులు వేస్తే ఆకులు వాటంతటవే వస్తాయి.

ఆకుతొడిమ:

పుట్టగొడుగులు కూడా ఇప్పుడే వస్తాయి కాబట్టి ఒక జాగ్రత్త. గొడుగు కింద రేకుల రంగు, కాడకు వలయం ఉందా, కాడ మొదలు ఉబ్బిందా, ఈ మూడూ లేని బొమ్మతో తర్వాత ఏమీ గుర్తుపట్టలేరు. సిద్ధబీజాల అచ్చు కావాలంటే గొడుగు కోసి, సగం తెల్ల సగం నల్ల కాగితం మీద రేకులు కిందికి ఉండేలా పెట్టి, గాజు గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేయండి. బీజాలు తెల్లవైతే తెల్ల కాగితం మీద కనపడవు, అందుకే రెండు రంగులు. పొద్దున ఫిక్సేటివ్ (పొడి చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) దూరం నుంచి పల్చగా కొట్టండి. దగ్గరగా కొడితే అచ్చు ఎగిరిపోతుంది. బొమ్మ చూసి పుట్టగొడుగు తినే నిర్ణయం మాత్రం ఎవరూ తీసుకోకూడదు. వాటిని ముట్టుకున్న చేత్తో కుంచె మొన నోట్లో పెట్టి సవరించే అలవాటు ఉంటే ఈ కాలంలోనే మానేయండి. కాడ్మియం, కోబాల్ట్ రంగులకూ అదే వర్తిస్తుంది.

తడిచేయి:

క్లిప్పుల మాట చెప్పి మరిచాను. మామూలు ఇనుప క్లిప్పులు మంచు తడికి రెండు మూడు రోజుల్లో తుప్పు పడతాయి, కాగితం మూలన పడ్డ తుప్పు మరక పోదు. ప్లాస్టిక్‌వి తీసుకోండి, లేదా క్లిప్పుకూ కాగితానికీ మధ్య చిన్న అట్టముక్క పెట్టండి. ఇంటికి రాగానే పెట్టె మూత తెరిచి ఆరబెట్టండి. తడి పాన్లు మూసి సంచిలో ఉంచితే వారంలో బూజు తేలుతుంది.